ఆ బరువు ఎంత? కచేరీ వేదికల పనివారి ప్రశ్నలకు జవాబులు

సంగీత కచేరీల వేదికలు కట్టే పని గురించి వచ్చిన ఉత్తరాలకు ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాను. రాసినవారిలో ఈ పనిలోకి రావాలనుకుంటున్న యువకులు, ఇప్పటికే స్టేజ్‌హ్యాండ్లుగా, రిగ్గర్లుగా పనిచేస్తున్నవారు, వారి ఇళ్లలోని పెద్దలు ఉన్నారు. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి ఒక ప్రశ్నగా తీసుకున్నాను.

ప్రశ్న: నాకు సంగీతమంటే ప్రాణం. పాడటం, వాయించటం రాదు గానీ కచేరీల మధ్యనే బతకాలని ఉంది. స్టేజ్‌హ్యాండ్ పనికీ రిగ్గర్ పనికీ తేడా ఏమిటి? నేరుగా రిగ్గర్‌గా చేరవచ్చా?

జవాబు: నేరుగా చేరకూడదు. స్టేజ్‌హ్యాండ్ పని ప్రధానంగా నేల మీద జరుగుతుంది. లారీల నుంచి చక్రాల పెట్టెలు దింపి ఏది ఎక్కడికి చేరాలో అక్కడికి తోసుకువెళ్లటం, వేదిక పలకలు పరచటం, ట్రస్ (దీపాలు, స్పీకర్లు తగిలించే లోహపు జాలీ దూలం) ముక్కలను పిన్నులతో కలపటం, కేబుళ్లు లాగటం, కచేరీ ముగిశాక అంతా విప్పి మళ్లీ లారీల్లోకి ఎక్కించటం ఆ పనిలోకి వస్తాయి. రిగ్గర్ బాధ్యత అంతా తలల మీద వేలాడేవాటిది. దీపాలు, స్పీకర్లు, ఎల్‌ఈడీ తెరలు, కొన్ని ప్రదర్శనల్లో గాయకులు సైతం వేలాడేది రిగ్గర్ కట్టిన కట్టు మీదనే.

రిగ్గర్ల రోజు ఎలా మొదలవుతుందో చెబితే ఆ పని స్వభావం మీకు అర్థమవుతుంది. అందరికంటే ముందు ఖాళీ హాలులోకి వెళ్లి, నక్షా చేతబట్టుకుని, టేపుతోనూ లేజరుతోనూ కొలిచి, నేల మీద సుద్దముక్కతో ఒక్కొక్క పాయింటును, అంటే పైనుంచి బరువు వేలాడే చోటును, గుర్తు పెడతారు. ఆ గుర్తు పక్కనే దానికి ఎంత పొడవు ఉక్కు తాడు కావాలో, దాని మీద ఎంత బరువు పడుతుందో రాస్తారు. కింది రిగ్గర్ ఆ రాత చూసి తాళ్లు, షాకిళ్లు (పిన్నుతో మూసే U ఆకారపు ఉక్కు లంకెలు), బరువెత్తే మోటారు గొలుసు కొక్కెం జతచేసి సిద్ధంగా ఉంచుతారు. పై రిగ్గర్ దూలం మీద నుంచి చేదుతాడు వదులుతారు. కిందివారు దానికి బౌలైన్ ముడితో సరంజామా కట్టి పంపితే, పైవారు లాక్కుని దూలానికి చుట్టి, దూలం అంచు ఉక్కు తాడును కోయకుండా మధ్యలో గోనెపట్టా పెట్టి, షాకిల్ పిన్ను బిగిస్తారు. కచేరీల్లో మోటారును తలకిందులుగా వాడటం కొత్తవారికి వింతగా కనిపిస్తుంది. మోటారు కింద ట్రస్ దగ్గరే ఉండి, తన గొలుసును తానే పట్టుకుని పైకి పాకుతుంది. ఒక టన్ను ఎత్తే మోటారే దాదాపు 50 కిలోలు తూగుతుంది కాబట్టి, దాన్ని దూలం దాకా లాగే బదులు కొక్కేన్ని, గొలుసు కొసను మాత్రం లాగితే సరిపోతుంది.

నేల పనితో ప్రారంభించి, ఆ సుద్ద రాతలను చదవటం నేర్చుకోండి. బౌలైన్, క్లోవ్ హిచ్ ముడులు కళ్లు మూసుకుని వేయగలిగేంత సాధన చేయండి. షాకిల్ మీద అచ్చయి ఉండే అంకె ఏమిటో, స్లింగ్‌కు, అంటే బరువుకు చుట్టి ఎత్తే పట్టీకి, కుట్టిన చీటీ ఏమి చెబుతుందో తెలుసుకోండి. ఆ తరువాత అనుభవజ్ఞుడైన కింది రిగ్గర్ పక్కన నిలబడి పని నేర్చుకోండి. అమెరికాలో వినోదరంగ సాంకేతికులకు ధ్రువపత్రాలిచ్చే ఈటీసీపీ వారు అరీనా రిగ్గింగ్‌కూ థియేటర్ రిగ్గింగ్‌కూ విడివిడిగా పరీక్షలు పెడతారు. బ్రిటన్‌లో నేషనల్ రిగ్గింగ్ సర్టిఫికెట్ ఉంది. ఇవి అప్పటికే పని చేసి ఉన్నవారి నైపుణ్యాన్ని ధ్రువపరిచే పరీక్షలు. పని తెలియనివారిని రిగ్గర్లుగా మార్చే శిక్షణ అనుకుని వీటిలో చేరవద్దు.

ప్రశ్న: మా అబ్బాయి పై రిగ్గర్‌గా పనిచేస్తున్నాడు. నేను భయపడితే "హార్నెస్ ఉందిగా అమ్మా, పడినా ఏమీ కాదు" అంటాడు. అది నిజమేనా?

జవాబు: అమ్మా, మీ భయం అర్థం లేనిది కాదు, మీ అబ్బాయి మాట పూర్తిగా నిజమూ కాదు. హార్నెస్ అంటే ఒంటికి బిగించుకునే పట్టీల కట్టు, అది పడిపోకుండా ఆపదు. పడిన మనిషి నేలను తాకకుండా ఆపుతుంది, అది కూడా కింద తగినంత ఖాళీ ఉన్నప్పుడే.

లెక్క ఇలా ఉంటుంది. హార్నెస్‌ను దూలానికి కలిపే లాన్యార్డ్ పొడవు సాధారణంగా 1.8 మీటర్లు. కుదుపును తగ్గించడానికి అందులో అమర్చిన షాక్ అబ్జార్బర్ కుట్లు విప్పుకుంటూ మరో 1.1 మీటర్ల దాకా సాగవచ్చు. వీపు మీది రింగు నుంచి పాదాల దాకా మనిషి ఎత్తు సుమారు 1.5 మీటర్లు. వీటికి ఒక మీటరు భద్రత కోసం కలిపితే, లాన్యార్డ్ తగిలించిన చోటుకు కింద దాదాపు 5.4 మీటర్ల ఖాళీ ఉండాలి. అంతకంటే తక్కువ ఎత్తులో, ఉదాహరణకు నాలుగు మీటర్ల ఎత్తున్న ట్రస్ మీద, అదే లాన్యార్డ్ కట్టుకున్న మనిషికి ఏ రక్షణా లేనట్టే. అటువంటి చోట తాడును తనలోకి చుట్టుకుని, పడగానే కారు సీటు బెల్టులా పట్టేసే పరికరం వాడాలి, లేదా అసలు అంచు దాకా వెళ్లనివ్వని పొట్టి తాడు కట్టుకోవాలి.

రెండో ప్రమాదం పడటం ఆగిన తరువాత వస్తుంది. హార్నెస్‌లో కదలకుండా వేలాడే మనిషికి తొడల పట్టీల ఒత్తిడి వల్ల కాళ్లలోని రక్తం పైకి తిరిగి రాక, కొన్ని నిమిషాల్లోనే స్పృహ తప్పవచ్చు. అందుకే ఎత్తున పని చేయించే ప్రతిచోటా, వేలాడుతున్న మనిషిని అక్కడున్న బృందమే కిందికి దించగలిగే ఏర్పాటు ముందే ఉండాలి. అగ్నిమాపక దళానికి ఫోన్ చేస్తామనటం ఆ ఏర్పాటు కిందికి రాదు.

మీ అబ్బాయిని మూడు విషయాలు అడగండి. దూలం మీద నడిచేటప్పుడు రెండు కొసల లాన్యార్డ్ వాడుతున్నాడా, అంటే ఒక కొక్కెం విప్పేలోగా రెండోది తగిలి ఉంటున్నదా? పడితే దించేవారి పేర్లు ఆ రోజు ఉదయమే చెబుతున్నారా? ఒకసారి పడటాన్ని ఆపిన లాన్యార్డ్‌ను మళ్లీ వాడకుండా పక్కన పడేస్తున్నారా? ఈ మూడింటికీ తడుముకోకుండా అవునని చెప్పగలిగితే అతను బాధ్యత గల బృందంతో పనిచేస్తున్నాడని ధైర్యంగా ఉండవచ్చు. దేనికైనా తటపటాయిస్తే, అతను ఆ ప్రశ్న తన పైవారిని అడిగేదాకా మీరు వదలకండి.

ప్రశ్న: నేను స్టేజ్‌హ్యాండ్‌ను. దూలాల మధ్య పాయింటు పడినప్పుడు అటొక తాడు, ఇటొక తాడు వేసి మధ్యలో మోటారు వేలాడదీయటం చూస్తున్నాను. రెండు తాళ్లున్నాయి కాబట్టి ఒక్కొక్క దాని మీద సగం బరువే కదా పడేది?

జవాబు: ఈ పనిలో ఇంతకంటే ముఖ్యమైన ప్రశ్న నాకు కనిపించదు. మీరు చెప్పిన కట్టును బ్రైడిల్ అంటారు. రెండు తాళ్లూ నిటారుగా ఉంటేనే సగం సగం పడుతుంది. అవి ఎంత విచ్చుకుంటే ఒక్కొక్క తాడు మీద బరువు అంత పెరుగుతుంది.

వెయ్యి కిలోల బరువు తీసుకుని, రెండు తాళ్లూ సమానమైన పొడవుతో ఉన్నాయనుకుందాం. రెండు తాళ్ల మధ్య కోణం 60 డిగ్రీలు ఉంటే ఒక్కొక్క తాడులో 577 కిలోల లాగుడు ఉంటుంది. 90 డిగ్రీలయితే 707. కోణం 120 డిగ్రీలకు చేరితే ఒక్కొక్క తాడూ పూర్తిగా వెయ్యి కిలోలు మోస్తుంది. అంటే రెండో తాడు వేసి కూడా మొదటి తాడుకు ఏమీ ఉపశమనం ఇవ్వలేకపోయాం. 150 డిగ్రీలలో అది 1,930 కిలోలు దాటుతుంది. తాడు బరువును పైకి లాగటంతో పాటు ఎదుటి తాడును పక్కకు కూడా లాగవలసి రావటమే దీనికి కారణం.

ఈ పక్కకు లాగే బలాన్ని చాలామంది పట్టించుకోరు. 120 డిగ్రీల దగ్గర రెండు దూలాలనూ ఒకదానివైపు ఒకటి 866 కిలోల బలంతో లాగుతున్నట్టే. భవనం పైకప్పు దూలాన్ని నిటారు బరువు కోసం కట్టి ఉంటారు గానీ, పక్కకు లాగితే అది ఎంత ఓర్చుకుంటుందో ఆ భవనం లెక్కలు తెలిసిన ఇంజినీరే చెప్పాలి. షాకిల్ విషయంలోనూ అంతే. పిన్నుకు నిటారుగా కాకుండా పక్కనుంచి 45 డిగ్రీల కోణంలో బరువు పడితే దాని సామర్థ్యం 30 శాతం తగ్గుతుంది, పూర్తిగా అడ్డంగా పడితే సగమే మిగులుతుంది. అందువల్ల బ్రైడిల్ కాళ్లు, అంటే ఆ రెండు తాళ్లు, కలిసే చోట షాకిల్‌లో విల్లులా వంగిన భాగంలోకి ఆ రెండు కాళ్లూ రావాలి. పిన్ను నిటారు బరువు వైపు ఉండాలి.

కింద నిలబడి మీరు చేయగలిగిన పని ఒకటుంది. బ్రైడిల్ బిగిశాక దూరంగా వెళ్లి తాళ్ల మధ్య కోణాన్ని కంటితో చూడండి. గది మూలలో గోడలు కలిసే కోణం కంటే ఎక్కువగా విచ్చుకున్నట్టు కనిపిస్తే, ఏ సంకోచమూ లేకుండా కింది రిగ్గర్‌ను అడగండి. దానికి లెక్క వేశారో లేదో ఆయన నక్షాలో చూసి చెప్పగలగాలి.

ప్రశ్న: నేను ఇంజినీరింగ్ విద్యార్థిని. పొడవాటి ట్రస్‌ను మూడు మోటార్లతో ఎత్తేటప్పుడు మొత్తం బరువును మూడుతో భాగిస్తే ఒక్కో మోటారు మీద పడే బరువు వస్తుందా?

జవాబు: రాదు. మీరు చదువుతున్న పుస్తకంలోనే దీనికి సమాధానం ఉంది గానీ, పని జరిగే చోట దాన్ని గుర్తుపెట్టుకునేవారు తక్కువ. 12 మీటర్ల ట్రస్ మీద దీపాలన్నీ సమానంగా పరచుకుని, ట్రస్‌తో కలిపి 1,200 కిలోలు ఉందనుకోండి. రెండు చివరలా, సరిగ్గా నడుమా మోటార్లు ఉంటే నడిమి మోటారు మీద 750 కిలోలు పడతాయి, చివరి వాటి మీద 225 చొప్పున. ఎనిమిదింట ఐదు వంతులు నడిమిదే. మూడుతో భాగించి 400 అనుకుని అర టన్ను మోటారు పెట్టినవారు దాని సామర్థ్యాన్ని ఒకటిన్నర రెట్లు చేసేసినట్టే.

పైగా ఈ లెక్క మూడు మోటార్లూ ఒకే మట్టంలో ఉన్నప్పుడే నిలుస్తుంది. ఒక మోటారు కొంచెం ముందు కదిలినా, కొంచెం ఆలస్యంగా ఆగినా బరువు చేతులు మారుతుంది. నడిమి మోటారు కాస్త ఎక్కువ ఎత్తితే చివరి గొలుసులు వదులై, మొత్తం 1,200 కిలోలూ దాని మీదకే వస్తాయి. అది కాస్త తగ్గితే చివరి మోటార్ల మీద 600 చొప్పున పడి, ట్రస్ 12 మీటర్ల మేర ఆసరా లేకుండా వేలాడుతుంది. దాన్ని వంచే బలం నాలుగింతలవుతుంది. వీటిలో దేన్నీ కింద నిలబడినవారి కన్ను పట్టుకోలేదు, ఎందుకంటే అటువంటి స్థితిలోనూ ట్రస్ చూపుకు తిన్నగానే ఉండవచ్చు. పాయింటుకూ కొక్కేనికీ మధ్య లోడ్ సెల్ అనే బరువు కొలిచే పరికరం పెట్టి అంకె చదవటమే నమ్మదగిన మార్గం. లోడ్ సెల్ లేనిచోట గొలుసు బిగువును చేతితో తట్టి అంచనా వేసే అలవాటు రిగ్గర్లలో ఉంది. వదులైన గొలుసును పసిగట్టడానికి అది పనికొస్తుంది గానీ అంకె చెప్పదు.

మీ చదువుతో ఈ రంగానికి రండి. దూలాలు, వంపులు, ప్రతిచర్యల పాఠాలు ఇంత సూటిగా మనుషుల ప్రాణాలతో ముడిపడి ఉండే చోటు అరుదు.

ప్రశ్న: నేను అమ్మాయిని, సన్నగా ఉంటాను. ఈ పని బలిష్ఠులైన మగవారికేనని అందరూ అంటున్నారు. నిజమా?

జవాబు: కాదమ్మా. బరువులెత్తడానికి మోటార్లు, కప్పీలు, చక్రాలు, ఫోర్క్‌లిఫ్టులు ఉన్నాయి. ఒక్కరే మోయలేని పెట్టెను ఒక్కరి చేత మోయిస్తున్నారంటే అక్కడ పని నడిపే తీరులోనే లోపముందని అర్థం. పై రిగ్గర్‌కు కావలసినవి చేదుతాడు లాగే ఓర్పు, ఎత్తున స్థిమితం, చేసిన ముడిని రెండోసారి చూసుకునే అలవాటు. ఈ మూడూ సాధనతో వస్తాయి. హార్నెస్ మాత్రం మీ ఒంటి కొలతకు సరిపోయేదే అడిగి తీసుకోండి. వదులైన హార్నెస్ పడినప్పుడు ఒంటి మీద జారి గాయపరుస్తుంది.

ప్రశ్న: ఆరుబయట జరిగే కచేరీల్లో వేదికలు కూలిన వార్తలు చదివాను. గాలివాన దైవాధీనం కదా, పనివారు చేయగలిగేది ఏముంది?

జవాబు: గాలి రావటం మన చేతిలో లేదు. ఏ గాలికి ఏ పని చేయాలో ముందే రాసుకుని, ఆ అంకె రాగానే చేయటం పూర్తిగా మన చేతిలోనే ఉంది.

2011 ఆగస్టు 13న అమెరికాలోని ఇండియానా స్టేట్ ఫెయిర్‌లో, ప్రేక్షకులు కచేరీ కోసం ఎదురుచూస్తుండగా ఈదురుగాలికి వేదిక పైకప్పు కూలి ఏడుగురు మరణించారు. ఆ కప్పును నిలబెట్టిన తాళ్లను కాంక్రీటు దిమ్మలకు కట్టారు. గాలి లాగుడుకు ఆ దిమ్మలు నేల మీద జరిగిపోయాయి. ఐదు రోజుల తరువాత, ఆగస్టు 18న, బెల్జియంలో పుక్కెల్‌పాప్ ఉత్సవాన్ని తుపాను తాకి ఐదుగురు చనిపోయారు. అయితే అన్నిటికీ గాలినే తప్పుపట్టలేం. 2012 జూన్ 16న టొరంటోలో రేడియోహెడ్ బృందం కచేరీకి కట్టిన వేదిక, ఏ తుపానూ లేని పగటిపూట, ప్రేక్షకులను లోపలికి వదలకముందే కూలి ఆ బృందంలోని డ్రమ్స్ సాంకేతికుడి ప్రాణం తీసింది.

గాలి వేగం రెట్టింపైతే దాని తోపుడు నాలుగింతలవుతుంది. పది మీటర్ల వెడల్పు, ఆరు మీటర్ల ఎత్తు గల ఎల్‌ఈడీ తెరను సెకనుకు 10 మీటర్ల గాలి సుమారు 375 కిలోల బలంతో తోస్తుంది. గాలి సెకనుకు 20 మీటర్లకు పెరిగితే ఆ తోపుడు 1,500 కిలోలకు చేరుతుంది. ఓడ తెరచాప లాంటి ఆ తెరను వేదిక కట్టడం మోయవలసి వస్తుంది. కాబట్టి వేదిక అన్నిటికంటే ఎత్తైన చోట గాలివేగం కొలిచే పరికరం ఉండాలి. ఎంత వేగానికి పక్క గుడ్డలు విప్పాలి, ఎంతకు తెరను కిందికి దించాలి, ఎంతకు వేదికనూ మైదానాన్నీ ఖాళీ చేయించాలి అన్నవి కట్టడం తయారుచేసినవారి లెక్కల నుంచి తీసి రాసి ఉంచాలి. ప్రదర్శన ఆపే అధికారం ఎవరిదో ఒక్క పేరు రాసి ఉండాలి. నలుగురు కలిసి చర్చించి తేల్చుకుందామనుకుంటే ఆ చర్చ ముగిసేసరికి గాలి తన పని చేసేస్తుంది. తెరను దించటానికి పట్టే సమయాన్ని కూడా ముందే చేసి చూసుకోవాలి; ఇరవై నిమిషాల పనిని పది నిమిషాల హెచ్చరికతో చేయలేం.

ప్రశ్న: కచేరీ జరుగుతున్నంతసేపూ వేదిక పక్కనే ఉంటాను. ఇంటికి వెళ్లాక చెవుల్లో గుయ్యిమంటుంది. పట్టించుకోవాలా?

జవాబు: తప్పకుండా పట్టించుకోవాలి. 85 డెసిబెళ్ల శబ్దాన్ని రోజుకు ఎనిమిది గంటలు భరించవచ్చునని అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క. ఆ పైన ప్రతి మూడు డెసిబెళ్లకూ ఆ సమయం సగమవుతూ, 100 డెసిబెళ్ల దగ్గర 15 నిమిషాలకు పడిపోతుంది. చెవిలో పోయిన సూక్ష్మ రోమకణాలు తిరిగి పుట్టవు. ఇయర్‌ప్లగ్గులు జేబులో కాదు, చెవిలో ఉండాలి. మాట వినపడాల్సిన పనివారికి హెచ్చు శ్రుతి, తగ్గు శ్రుతి శబ్దాలన్నిటినీ సమానంగా తగ్గించే రకం దొరుకుతుంది.

ప్రశ్న: నక్షాలో లేని తెర ఒకటి చివరి గంటలో వచ్చింది. "తేలికే, ఎత్తేయండి, ఎలాగూ అన్నిటికీ ఐదింతల బలం ఉంటుంది కదా" అని పైవారు అన్నారు. కొత్తవాణ్ని కాబట్టి నోరు మెదపలేదు, మిగతావారితో కలిసి ఎత్తేశాను. ఇలాంటప్పుడు ఏం చేయాలి?

జవాబు: ఆ ఐదింతల మాటను ముందు చూద్దాం. ఉక్కు తాడు స్లింగ్ మీద ఒక టన్ను అని రాసి ఉంటే, కొత్తగా ఉన్నప్పుడు అది తెగడానికి సాధారణంగా ఐదు టన్నులు కావాలి. మధ్యనున్న ఆ నాలుగు టన్నులు ఎవరూ వాడుకోవడానికి ఇచ్చినవి కావు. మోటారు ఒక్కసారిగా ఆగినప్పటి కుదుపు, ఏళ్ల తరబడి అరిగిన తీగలు, తుప్పు, దూలం అంచు ఒరిపిడి, బ్రైడిల్ కోణం ఇవన్నీ అందులోంచి తమ వాటా ఇప్పటికే తీసుకుంటూ ఉంటాయి. మనుషులను ఎత్తే చోట పదింతలు అడుగుతారంటే కారణం అదే.

2022 జూలై 28న హాంకాంగ్ కొలీజియంలో మిర్రర్ బృందం కచేరీ జరుగుతుండగా, వేలాడుతున్న ఎల్‌ఈడీ తెర ఉక్కు తాడు తెగి నృత్యకారుల మీద పడింది, వారిలో ఒకరు తీవ్రంగా గాయపడ్డారు. వేలాడదీసిన పరికరాల అసలు బరువు, ముందుగా కాగితం మీద చూపిన బరువు కంటే చాలా ఎక్కువని విచారణలో తేలింది. మీకు "తేలికే" అని చెప్పినవారు అబద్ధమాడుతున్నారని నేను అనటం లేదు. తేలిక అన్నది అంకె కాదు, దానితో లెక్క వేయలేం అని మాత్రం చెబుతున్నాను.

మీరు అనవలసిన మాట ఒక్కటే: "దీని బరువు ఎంత, ఏ పాయింటు మీద పడుతుంది?" కొత్తవారు ఈ ప్రశ్న అడిగితే తప్పుపట్టే రిగ్గర్‌ను నేను మంచి రిగ్గర్ అని ఒప్పుకోను. బరువు తెలియదన్న జవాబు వస్తే తెర నేల మీదనే ఉండాలి. దాన్ని తూచాలి, లేదా లోడ్ సెల్ పెట్టి మోకాలెత్తు మాత్రమే ఎత్తి అంకె చూడాలి. ఆ అంకెను హెడ్ రిగ్గర్‌కు ఇస్తే ఆయన పాయింటు సామర్థ్యంతో సరిచూస్తారు. భవనం దూలం మీద అదనపు బరువు పడుతున్నదంటే ఇంజినీరు ఒప్పుకోలు కూడా తీసుకుంటారు. దీనికంతా అరగంటో గంటో పట్టవచ్చు. ప్రదర్శన ఆలస్యమవుతుందని అరిచేవారు ఉంటారు, వారికి సమాధానం చెప్పటం హెడ్ రిగ్గర్ పని, మీది కాదు.

అడిగిన తరువాత కూడా ఎత్తమని బలవంతపెడితే, మోటారు నియంత్రణ పెట్టె మీద నుంచి చెయ్యి తీసేసి, ఆ తెర కింద ఎవరూ నిలబడకుండా చూసి, భద్రత చూసే అధికారి దగ్గరకు మీరే వెళ్లండి. ఏ సమయానికి, ఎవరికి, ఏ మాట చెప్పారో నక్షా కాగితం వెనుక రాసి సంతకం పెట్టి, దాని ఫోటో మీ దగ్గర ఉంచుకోండి. మీరు రాసిన ఉత్తరంలోని తెర ఇప్పటికీ అదే వేదిక మీద వేలాడుతూ ఉంటే, తరువాతి ప్రదర్శన మొదలయ్యేలోగా దాన్ని దింపి తూచమని ఈ రోజే అడగండి.